ఒడి పట్టి అడిగితేనే

మొగుడంపల్లి,
జూన్ పన్నెండు.

ప్రియమైన బిడ్డ గ్లోరీకి,

అమ్మ దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయ వల్ల నేను, మీ నాయిన, రెండు బర్రెలు, మొన్న పొదిగిన కోడిపిల్లలు, అందరం ఇక్కడ క్షేమంగా ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు. రాశావు గానీ నేను నమ్మలేదు. ‘బాగున్నాను’ అన్న మాట ఒకసారి రాసి, కొట్టేసి, మళ్ళీ రాశావు. గురుకులం హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు జ్వరంతో పడుకుని కూడా ఇట్లాగే రాసేదానివి. ఫోన్లో అయితే గొంతు పట్టిస్తుందని అప్పటి నుంచీ పెద్ద సంగతులన్నీ ఉత్తరంలోనే రాస్తావు. నేనూ అంతే. నిన్న నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తనిది అందుకే. అలిగానని అనుకోకు, చెప్పాల్సింది ఫోన్లో చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు చెబుతా. మీ నాయిన మోకాలికి జహీరాబాద్ దవాఖానలో సూది ఇచ్చారు. నెల రోజులు బండి నడపొద్దన్నారు. ఆయన వింటాడా? పొద్దున్నే ట్రాలీ ఆటో తీసుకుని చిరాగ్‌పల్లి దాకా పోయి వస్తాడు, వచ్చి మూలుగుతాడు. నేనేమైనా అంటే, “మోకాలు నాది, ఫికర్ నీకెందుకే” అంటాడు. మా చెల్లెలి బిడ్డ స్వప్న డిగ్రీ పరీక్షలు రాసి మన ఇంట్లోనే ఉంది. నీ పాత ఇంగ్లీషు పుస్తకాలన్నీ బయటికి తీసి చదువుతోంది. వాన సంగతి అడిగావు. మే నెలలోనే దంచి కొట్టి, తీరా మిరుగం కార్తె వచ్చాక మొహం చాటేసింది. కోహీర్ దిక్కు తొందరపడి పత్తి పెట్టినవాళ్ళు ఇప్పుడు మొలక ఎండిపోతోందని ఏడుస్తున్నారు. మేం ఇంకా విత్తలేదు. నేల ఇంకా రమ్మనలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం నేను చదివి, స్వప్న చేత మళ్ళీ చదివించుకున్నాను. నాకు అర్థమైనది సరిగ్గా ఉందో లేదో చూడు. వచ్చే గురువారం జర్మనీలో దేశదేశాల వాళ్ళు వాతావరణం గురించి సభలు పెట్టుకుంటారు. అక్కడ ఒక పక్క హాల్లో మీ సంస్థ తన రిపోర్టు బయటపెడుతుంది. ఆ రిపోర్టు చూసి డబ్బున్న దేశాలు, ఎండకూ వానకూ నిలబడే వ్యవసాయం కోసం ఎక్కడ ఏ విత్తనం పంచాలో నిర్ణయిస్తాయి. అందులో మన ఆడవాళ్ళ సంఘం విత్తనాల మీద ఒక మాట రాశారు. మన ఆడవాళ్ళు దాచిన విత్తనం తెప్పించి పరీక్ష చేస్తే ఒక్క పొట్లం కూడా మొలవలేదట. ఇళ్ళలో విత్తనం దాచే పద్ధతి నమ్మదగింది కాదట. కాబట్టి మెరుగైన విత్తనం బయటి నుంచి ఇవ్వాలట. ఆ రోజు నేను ఇక్కడ జహీరాబాద్‌లో రేవణసిద్ధప్ప ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ‘అవును, మా పాత విత్తనం ఈ కాలానికి నిలబడడం లేదు, మాకు సాయం చేయండి’ అని చెప్పాలి. నువ్వు ఆ హాల్లో నిలబడి నా తెలుగును ఇంగ్లీషులోకి మార్చి వాళ్ళకు చెప్పాలి. ఇంతేనా?

నేను చెప్పాల్సిన మాటలు మీ ఢిల్లీ ఆఫీసు మేడం రాసి పంపింది. రేవణసిద్ధప్ప మంచివాడే, ఇక్కడి మనిషే, మీ ప్రాజెక్టు పని చూసుకుంటూ ఇంత తింటున్నాడు. ఆ కాగితం తెచ్చి ఇచ్చి, “అక్కా, జర కంఠతా పట్టు. చూసి చదివితే మంచిగుండదట, మనసుల నుంచి వచ్చినట్టు ఉండాల్నట” అన్నాడు. ఓ యమ్మా! నా మనసులో ఏముందో ఢిల్లీలో టైపు కొట్టి పంపితే, నేను ఇక్కడ కంఠతా పట్టి, అది నా మనసులో నుంచి వచ్చినట్టు అప్పజెప్పాలి. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఆ కాగితం మడిచి పొయ్యి పక్కన పెట్టాను. పారేయలేదులే.

రిపోర్టులో మమ్మల్ని ఏమని రాయాలని అడిగావు. అడవి బిడ్డలకు ‘మూలవాసులు’ అని ఒక మాట ఉందనీ, మాలాంటి వాళ్ళకు ‘స్థానిక సముదాయాలు’ అని ఇంకో మాట ఉందనీ, ఆ రెంటినీ ఒకే గాటన కట్టాలా వద్దా అని పెద్ద పెద్ద సభల్లో కొట్లాడుతున్నారనీ రాశావు. బిడ్డా, అడవి వాళ్ళ పేరు వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది. అందులో చేరి దాన్ని పలచన చేయడం నాకు ఇష్టం లేదు. మేం ఎవరమో నీకు తెలియదా? ఎస్సీ వాడకట్టు ఆడవాళ్ళం. ఊళ్ళో అందరూ వద్దన్న రాళ్ళ చెలక మాకు వచ్చింది. ఆ రాళ్ళలో పచ్చజొన్న, కొర్ర, సామ, తైదలు, అనుములు, బొబ్బర్లు కలిపి చల్లి, ఒకటి పోతే ఒకటి చేతికొచ్చేలా పండించుకుని, మిమ్మల్ని పెంచాం. అదే రాయి. దానికి సరిపోయే డబ్బా మీ ఫారాల్లో లేకపోతే కొత్తది చేయించుకోమను.

అడవి వాళ్ళ మాట వచ్చింది గనక ఒకటి చెబుతా. పోయిన ఏడు హైదరాబాద్ మీటింగులో నా పక్కన ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన ఒక కోలాం అక్క కూర్చుంది. అన్నం తినేటప్పుడు మాట్లాడుకున్నాం. వాళ్ళ అడవిని కూడా ఎవరో ఏదో వాతావరణం లెక్కలో రాసుకున్నారట. ఆమె అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది.

“ఎక్కడో ఎవరో పొగ ఇడుస్తరంట, అక్కా. మా చెట్లు దాన్ని గుంజుకుంటయంట. దానికి లెక్క కట్టిన్రు. మేం కట్టెపుల్ల ఏరితే మాత్రం దొంగలం.”

“మిమ్మల్ని అడగలేదా?” అన్నాను.

“మీటింగ్ పెట్టి చెప్పిన్రు. అడగలే. చెప్పుడు వేరు, అడుగుడు వేరు” అంది.

ఆ మాట నేను మన సంఘంలో అందరికీ చెప్పాను. గొప్పగా చెప్పాను. ఆ మాటే తిరిగి నా మొహాన పడుతుందని అప్పుడు తెలియదు. దాని సంగతి తర్వాత చెబుతా.

ఇప్పుడు నువ్వు ఈస్టరుకు వచ్చిన రోజులు ఒకసారి గుర్తుకు తెచ్చుకో. చర్చి నుంచి వచ్చామో లేదో, జీపు వచ్చి ఇంటి ముందర ఆగింది. రేవణసిద్ధప్ప, ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు, వాళ్ళతో నువ్వు, నీ చేతిలో స్టిక్కర్లు అంటించిన ప్లాస్టిక్ కవర్లు. నన్ను చూడగానే నువ్వు, “అమ్మా, ఒక్కో రకం గుప్పెడు చొప్పున కావాలి, శాంపిల్‌కు” అన్నావు. వాళ్ళు బూట్లు కూడా విప్పలేదు. లోపలికి రమ్మంటే, “లేదు ఆంటీ, ఇంకా నాలుగు ఊర్లల్ల సర్వే ఉన్నది” అన్నారు. రొట్టె తినమంటే టైం లేదన్నారు.

మన దగ్గర విత్తనం ఎట్లా అడుగుతారో నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినదానివి. విత్తనం కావలసిన మనిషి ఇంట్లోకి వస్తుంది, కింద కూర్చుంటుంది, ఆ ఇంట్లో ఇంత ముద్ద తింటుంది, తర్వాత ఒడి పడుతుంది. ఇచ్చేది ఎంతైనా ఒడిలోనే పోస్తాం. ఏ చెలకలో వేస్తావు, పక్కన ఏం కలుపుతావు అని అడుగుతాం. పండినాక ఇచ్చినదానికి రెండింతలు తెచ్చి పోస్తుంది. పండకపోతే వచ్చి పండలేదని చెబుతుంది, మళ్ళీ పోస్తాం. అమ్మం, కొనం. దొర ఇంటి నుంచి వచ్చినా, మన వాడకట్టు నుంచి వచ్చినా ఇదే పద్ధతి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు నీ అమ్మనే అడగలేదు. కవర్ నోరు తెరిచి పట్టుకున్నావు. నువ్వు పాంటు వేసుకున్నావు, ఒడి లేదు, సరే. చున్నీ పట్టొచ్చు కదా బిడ్డా.

ఆ రోజు ఒక కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. నేను సంతకం చేయగలనంటే ఆ ఢిల్లీ పిల్ల ఆశ్చర్యపోయింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. పండక్కి వచ్చి ఉన్న స్వప్న చదివి చెప్పింది, ఈ విత్తనాన్నీ, దాని గురించి మేం చెప్పిన విషయాలన్నిటినీ మీ ప్రాజెక్టు ఏ పనికైనా వాడుకోవచ్చనీ, ఎవరికైనా ఇవ్వచ్చనీ ఉందట. “ఎవరికైనా అంటే ఎవరు?” అని అడిగాను.

“ఫార్మాలిటీ అక్కా. పైవాళ్ళు చూసుకుంటరు” అన్నాడు రేవణసిద్ధప్ప.

“రేపు వాళ్ళెవరో మా పచ్చజొన్న మీద వాళ్ళ పేరు రాసుకుంటే?”

“గట్లెందుకు చేస్తరక్కా!”

“వద్దంటే ఏమైతది?”

అతను నీ వైపు చూశాడు. నువ్వు కిందికి చూశావు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ కాగితంలో వద్దనడానికి చోటు లేదు. సంతకం పెట్టనన్నాను. సరే, కాగితం తర్వాత చూద్దాం, శాంపిల్ అయితే రెడీ చేసి పెట్టమన్నారు, మర్నాడు నువ్వు ఢిల్లీకి తీసుకెళ్ళాలి కదా. జీపు వెళ్ళిపోయింది. నువ్వు మధ్యాహ్నం అన్నం తిని కోహీర్‌లో మీ మేనత్తను చూడటానికి పోయావు. కవర్లు నా ముందు పెట్టి, “నింపి పెట్టమ్మా, స్టిక్కర్లు కలిసిపోకుండా జాగ్రత్త” అని పోయావు.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్న అది. ‘అమ్మా, ఎక్కడ పొరపాటు జరిగింది? పురుగు పట్టిందా? తడి తగిలిందా? ఇంత కాలం మొలిచిన విత్తనం ఇప్పుడెందుకు మొలవలేదు? దారిలో నేనే పాడుచేశానా అని మేడం అడిగింది. రైల్లో ఆ సంచి కింద పెట్టలేదమ్మా, దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళాను.’ అని రాశావు.

ఆ వాక్యం చదివాక నాకు అన్నం సయించలేదు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. నీ తప్పేం లేదు బిడ్డా. పురుగు పట్టలేదు, తడి తగల్లేదు. నేను వేయించాను.

అవును. రొట్టెలు చేసిన పెంక పొయ్యి మీదే ఉంది. మంట తగ్గించి ఒక్కో రకం దాని మీద పోసి, గుడ్డతో తిప్పుతూ, పేలకుండా, రంగు మారకుండా, మొలిచే ప్రాణం మాత్రం పోయేదాకా ఉంచి తీశాను. చల్లార్చి కవర్లలో పోశాను. స్టిక్కర్లు కలిసిపోలేదు, జాగ్రత్తగానే చేశాను. ఈ పని మీ నాయనమ్మ చెప్పగా విన్నది. ఆమె చిన్నతనంలో దొర మనుషులు ఇళ్ళ మీద పడి విత్తనం గుంజుకుపోయేటప్పుడు ఆడవాళ్ళు ఇట్లాగే వేయించి ఇచ్చేవారట. తినడానికైతే తిను, వేసుకుని పండించుకోవడానికి మాత్రం నీకు ఇవ్వను, అని. నా జన్మలో ఆ అవసరం వస్తుందని అనుకోలేదు. అదీ నా బిడ్డ తెచ్చిన కవర్లలో.

క్షమించమని రాయడం లేదు చూడు. వాళ్ళకైతే అస్సలు చెప్పను. అడగనివాడికి ప్రాణమున్న విత్తనం ఎందుకు ఇవ్వాలి? తిండిగింజ అడిగినట్టు అడిగారు, తిండిగింజ ఇచ్చాను. కానీ నీకు చెప్పకపోవడం మాత్రం నన్ను కోసేస్తోంది. ఏ పాపం తెలియక నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాత్రీ పగలూ ప్రయాణం చేశావు. రిపోర్టులో విత్తనం సేకరించింది నువ్వని నీ పేరు రాశారు. నా పని వల్ల నీ చేతులకు చెడ్డపేరు వచ్చింది. నేను ఏడ్చాను గ్లోరీ, ఇది దాచను.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, అది నేను ముందు ఆలోచించలేదు. వాళ్ళు మొలవలేదని ఊరుకుంటారనుకున్నాను. మొలవనివి మా ఆడవాళ్ళందరి విత్తనాలని రాస్తారని నాకేం తెలుసు? ఇప్పుడు నా పెంక మీద చచ్చిన విత్తనం చూపించి, జిల్లా మొత్తానికి కంపెనీ విత్తనం పంచుతారు. నేను మూసిన తలుపులో నుంచే వాళ్ళు లోపలికి వస్తున్నారు.

అందుకే మొన్న, నువ్వు పుస్తకాల్లో ఏరువాక అని చదువుకున్న ఏరొక్క పున్నం నాడు, సంఘంలో నోరు తెరిచాను. మనం చర్చికి పోయేవాళ్ళమే అయినా ఆ పున్నం నాడు చిప్పల్లో విత్తనం వేసి చూడటం ఎవరమూ మానం కదా, పాస్టరుగారు గొణుగుతూనే ఉంటారు, మేం చేస్తూనే ఉంటాం. అందరూ చిప్పల్లో ఎరువు పోసి, తలా ఒక రకం విత్తనం వేసి, ఈ ఏడు ఏది బాగా మొలుస్తుందో చూడటానికి నాగవ్వ ఇంటి అరుగు మీద పెట్టారు. అప్పుడు చెప్పాను. ఈస్టరు రోజు జరిగింది, పెంక సంగతి, రిపోర్టు సంగతి, మొత్తం. కొందరు నవ్వారు, మంచిగ చేసినవ్ అన్నారు. నాగవ్వ నవ్వలేదు. ఆమె నీకు తెలుసుగా, పళ్ళన్నీ ఊడిపోయినా నోరు మాత్రం కొడవలి.

“ఏమే ఎస్తేరూ,” అంది, “ఆ కవర్లల్ల నీ ఒక్కదాని విత్తనమే ఉండెనా?”

“లేదవ్వా. నీ సామలు, బాలమణి అనుములు, అందరియి ఉన్నయి. నా దగ్గర దాచిపెట్టినయే.”

“మరి మా విత్తనం పెంక మీద ఏంచేటప్పుడు మమ్మల్ని అడిగినవా?”

నేను చిప్పల దిక్కు మొహం తిప్పుకున్నాను.

“ఢిల్లోళ్ళు అడగలే అని గంత లొల్లి చేసినవు. అడుగుడు వేరు, చెప్పుడు వేరు అని మాకు పాఠం చెప్పినవు. నువ్వు అడగను గూడ అడగలే, చెప్పను గూడ చెప్పలే. వాళ్ళు మనల్ని అడగకుంటే తప్పు, నువ్వు మమ్మల్ని అడగకుంటే ఒప్పా? మంచి పనే చేసినవేమో. గని అది నీ ఒక్కదాని పని గాదు.”

నా నోటికి ఊళ్ళో ఎవరూ ఆగరని నీకు తెలుసు. అట్లాంటిదాన్ని అరుగు మీద కూర్చుండిపోయాను. నాగవ్వే మళ్ళీ వచ్చి, నా తల మీద ఒకటి మొట్టి, “ఇగ ఏడ్వకు. ఏం జేద్దామో చెప్పు. ఈసారి అందరికి చెప్పు” అంది.

పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నాం. చాలా మాటలు అయ్యాయి, అరుపులూ అయ్యాయి. రిపోర్టు వాళ్ళను బతిమాలి ఆ ఒక్క మాట తీయించుకుందామని కొందరన్నారు. గప్‌చుప్‌గా వేరే విత్తనం పంపి మళ్ళీ పరీక్ష చేయించుకుందాం, పెంక సంగతి బయటికి చెప్పొద్దు, ప్రాజెక్టు పోతే వచ్చే నాలుగు మీటింగులూ పోతాయని ఒకరన్నారు. నాగవ్వ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. చివరికి అందరం ఒక మాట మీదికి వచ్చాం. దాచేది లేదు, బతిమాలేది లేదు. గురువారం ఆ కంప్యూటర్ ముందు నేను ఒక్కదాన్ని కూర్చోను. అందరం పోతాం. ఎవరి చిప్ప వాళ్ళ చేతిలో ఉంటుంది. అప్పటికి మొలకలు బెత్తెడు ఎత్తు వస్తాయి. రేవణసిద్ధప్ప ఆఫీసులో అంత జాగా లేదంటే బయట చెట్టు కిందికి తెమ్మంటాం ఆ కంప్యూటర్ డబ్బాని. అతనికి నిన్ననే చెప్పాను. “అక్కా, నా నౌకరీ తీస్తరు” అన్నాడు. “తీస్తే మా చెలకల పని ఉన్నది, కూలి మేం ఇస్తం” అని నాగవ్వ అంది. పాపం, నవ్వాలో ఏడవాలో తెలియక చాయ్ తాగి పోయాడు.

నేను చెప్పేది ఇది. మేడం రాసిన మాటలు కాదు.

‘మీరు పరీక్ష చేసిన విత్తనాన్ని నేను వేయించాను. నా పేరు ఎస్తేరమ్మ. మీరు మమ్మల్ని అడగకుండా తీసుకున్నారు గనక వేయించాను. మాది మొలుస్తుందా లేదా అన్నది ఈ చిప్పల్లో చూడండి. మీ రిపోర్టులో మా మీద రాసిన మాట తీసేయండి. ఎండకూ వానకూ నిలబడేది మా విత్తనం ఒక్కటే కాదు, దాన్ని మేం ఒకరికొకరు పోసుకునే పద్ధతి. గింజ తీసుకుపోయి పద్ధతిని ఇక్కడే వదిలేస్తే మీకు మిగిలేది గింజే. మీకు నిజంగా కావాలంటే రండి. ఇంట్లో కూర్చోండి, తినండి, ఒడి పట్టండి. మా భాషలో కాగితం తెండి. ఆ కాగితంలో వద్దు అనడానికి చోటు ఉండాలి. ఇచ్చిన విత్తనం మీద ఎవరూ తమ పేరు రాసుకోకూడదు. పండినాక రెండింతలు తెచ్చి పోయాలి. వద్దన్నామా, వద్దన్నట్టే. అడవిలో వాళ్ళు వద్దన్నా అంతే.’

మూడు నిమిషాల్లో అయిపోతుంది. స్వప్న ఫోన్లో టైము పెట్టి చూసింది.

మీ నాయినకు చదివి వినిపించాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ, “నువ్వు మాట్లాడుతవు సరే. అక్కడ నిలబడి చెప్పాల్సింది నా బిడ్డ గదనే” అన్నాడు. ఆ మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. నాగవ్వ మొట్టిన మొట్టికాయ నొప్పి ఇంకా తగ్గకముందే నేను మళ్ళీ అదే పని చేయబోతున్నాను. నా మాటను నీకు చెప్పకుండా తీసుకొచ్చి అంతమంది ముందు నీ నోట్లో పెడితే, నాకూ మీ మేడానికీ తేడా ఏముంది? నీ నెల జీతంతో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో నాకు తెలుసు. ఆ హాల్లో నీ పై వాళ్ళందరూ కూర్చుని ఉంటారు. వేయించిన మనిషి నీ అమ్మ అని తెలిస్తే నువ్వూ కలిసి చేశావంటారు. ఉద్యోగం పోవచ్చు. మళ్ళీ ఆ దారిలో ఇంకోటి దొరకకపోవచ్చు. ఇదంతా ఆలోచించే రాస్తున్నాను. భయం లేదని కోతలు కోయను. నిద్ర పట్టడం లేదు.

అయినా నేను మాట్లాడటం ఆపను. అది మేమందరం కలిసి అనుకున్నది. నువ్వు చెప్పాలా వద్దా అన్నది మాత్రం నీది. అందుకే నిన్ను అడుగుతున్నాను గ్లోరీ. ఈసారి ఒడి పడుతున్నది నేను. చెబుతావా?

చెప్పలేనంటే ఇప్పుడే అను. స్వప్న ఇక్కడి నుంచే ఇంగ్లీషులో చెబుతుంది. తప్పులు పోతాయని భయపడుతోంది గానీ చెబుతుంది. నువ్వు ఆ రోజు ఒంట్లో బాగాలేదని హాలుకు రాకు, నిన్నెవరూ వేలెత్తి చూపరు. నాకు కోపం రాదని మాత్రం రాయలేను, వస్తుంది. రెండు రోజులు ఉంటుంది, మూడో రోజు నేనే ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతాను. వద్దనే హక్కు కావాలని ప్రపంచం ముందు కూర్చుని అడగబోతున్నదాన్ని, నా కడుపున పుట్టినదానికి అది లేకుండా చేస్తానా?

చెబుతానంటే మాత్రం మొత్తం చెప్పు. ‘వేయించింది’ అన్న చోట ‘ఎండబెట్టింది’ అని మెత్తగా మార్చకు. ‘తీసేయండి’ అన్న చోట ‘దయచేసి పరిశీలించండి’ అనకు. నన్ను ‘ఈ మహిళా రైతు’ అనకు, మా అమ్మ అను. నాకు ఇంగ్లీషు రాదు, నిజమే. కానీ నువ్వు మాట మింగితే నీ మొహం ఎట్లా అవుతుందో నాకు తెలుసు. ఆ తెరలో నేను నీ మొహమే చూస్తూ ఉంటాను.

స్పీడ్ పోస్టులో వేస్తున్న ఈ ఉత్తరం ఢిల్లీలో అందగానే, విమానం ఎక్కకముందే ఫోన్ చెయ్యి, ఈసారి ఎత్తుతాను. సరే అను, వద్దు అను. ఏదైనా గట్టిగా అను.

ఇట్లు,
నీ జవాబు కోసం ఒడి పట్టుకుని కూర్చున్న
మీ అమ్మ,
ఎస్తేరమ్మ